గోల్ఫ్ నియమాలు: అమెచ్యూర్ ఆటలో అవగాహన, అమలు

గోల్ఫ్‌లో నియమాలు తెలుసుకోవడం, వాటిని తన మీద తానే అమలు చేసుకోవడం రెండూ ఆటగాడి బాధ్యతలే. క్రికెట్‌లో అంపైరు, కబడ్డీలో రిఫరీ చేసే పనిని ఇక్కడ ఆడేవాళ్లే చేసుకోవాలి. పెద్ద ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో రిఫరీలు కోర్సంతా తిరుగుతూ ఉంటారు. ఆదివారం పొద్దున క్లబ్ పోటీలో ముగ్గురు నలుగురు కలిసి ఆడే అమెచ్యూర్ల వెంట మాత్రం అలాంటివారు ఎవరూ ఉండరు. పొదల్లో బంతి కదిలిందా లేదా అన్నది చాలాసార్లు ఆటగాడికి ఒక్కడికే తెలుస్తుంది. అందుకే ఈ ఆట నిజాయితీ మీద నడుస్తుందని అంటారు. అయితే నిజాయితీ ఒక్కటే సరిపోదు. నియమం తెలియని నిజాయితీపరుడు తనకు తెలియకుండానే తోటి పోటీదారులకు నష్టం చేస్తాడు. తనకు రావలసిన ఉచిత ఉపశమనాన్ని, అంటే పెనాల్టీ లేకుండా బంతిని వేరే చోటికి మార్చుకునే అవకాశాన్ని కూడా వదులుకుంటాడు. అమెచ్యూర్ గోల్ఫ్‌లో నియమాల పరిజ్ఞానానికి ఉన్న విలువ అదే.

చరిత్ర

ఇప్పటివరకు దొరికిన గోల్ఫ్ నియమాల్లో అత్యంత పాతవి 1744 నాటివి. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో నగరం పక్కనున్న లీత్ మైదానంలో వెండి క్లబ్ బహుమతిగా జరిగిన పోటీ కోసం అక్కడి గోల్ఫ్ పెద్దమనుషులు 13 నియమాలు రాసుకున్నారు. ఆ పోటీలో గెలిచిన జాన్ రాట్రే వృత్తిరీత్యా శస్త్రవైద్యుడు. నీటిలో పడిన బంతిని బయటికి తీసి ఆడితే ప్రత్యర్థికి ఒక స్ట్రోక్ ఇచ్చుకోవాలన్న నియమం అప్పుడే ఉంది. మనిషికో గుర్రానికో కుక్కకో తగిలి ఆగిన బంతిని ఆగినచోటి నుంచే ఆడాలన్నది అందులో మరొకటి. గ్రీన్ బయటి నుంచి కొట్టిన బంతి దారిలో కుక్కకు తగిలితే నేటికీ అదే తీర్పు. ఆట మౌలిక న్యాయం దాదాపు మూడు శతాబ్దాలుగా పెద్దగా మారలేదు.

మొదట్లో గోల్ఫ్ అంటే ఒక్కో హోల్‌కు గెలుపోటములు చూసే మ్యాచ్ ప్లేనే. ఇద్దరు ముఖాముఖి ఆడేవారు, ఒకరి ఆటను ఒకరు కనిపెట్టుకుని ఉండేవారు. 1759లో సెయింట్ ఆండ్రూస్‌లో మొత్తం స్ట్రోకులు లెక్కించే పద్ధతి వచ్చాక పరిస్థితి మారింది. ఈ స్ట్రోక్ ప్లేలో పోటీదారులు కోర్సంతా చెదిరి ఉంటారు. ఒకరి ఆట మిగతావారికి కనిపించదు. అందరి తరఫునా నియమాన్ని కాపాడే బాధ్యత అప్పటి నుంచి ప్రతి ఆటగాడి మీద, అతని స్కోరు రాస్తూ పక్కన నడిచే మార్కర్ మీద పడింది.

సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్ 1897లో నియమాల కమిటీని ఏర్పాటు చేసింది. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1894లో పుట్టింది. కొంతకాలం వేర్వేరు దారుల్లో నడిచిన ఈ రెండు సంస్థలు 1952లో ఉమ్మడి నియమావళిని తెచ్చాయి. నియమాల బాధ్యతను 2004 నుంచి క్లబ్‌తో సంబంధం లేకుండా ఆర్ అండ్ ఏ అనే విడి సంస్థ చూస్తోంది. అమెరికా, మెక్సికోలకు యూఎస్‌జీఏ, మిగతా ప్రపంచానికి ఆర్ అండ్ ఏ పెద్ద దిక్కు. భారతదేశం రెండో కోవలోకి వస్తుంది.

2019 నాటి సంస్కరణ

సామాన్య ఆటగాడికి అర్థమయ్యేలా నియమావళిని తిరగరాయాలన్న ఆలోచన 2019లో అమలులోకి వచ్చింది. 34 నియమాలు 24 అయ్యాయి. పోయిన బంతిని వెతికే గడువు ఐదు నిమిషాల నుంచి మూడు నిమిషాలకు తగ్గింది. బంతిని భుజం ఎత్తు నుంచి కాకుండా మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయాలన్నారు. జెండా కర్ర తీయకుండానే పుట్ చేయవచ్చన్నారు. ఒకే ఊపులో క్లబ్ పొరపాటున రెండుసార్లు తగిలితే పడే పెనాల్టీని ఎత్తేశారు. 2023 సవరణలో వైకల్యం ఉన్న ఆటగాళ్ల కోసం 25వ నియమం చేరింది.

అమెచ్యూర్లకు బాగా పనికొచ్చే మార్పు ఇంకొకటి ఉంది. దూరాన్నో స్థలాన్నో అంచనా వేయాల్సి వచ్చినప్పుడు ఆటగాడు ఆ పరిస్థితిలో చేయగలిగినంత జాగ్రత్తగా నిర్ణయిస్తే, తర్వాత వీడియోలో తేడా కనిపించినా అతని నిర్ణయం చెల్లుతుంది. దీని వెనుక చేదు అనుభవాలున్నాయి. 2017లో ఏఎన్ఏ ఇన్‌స్పిరేషన్ పోటీ చివరి రోజు లెక్సీ థాంప్సన్ ఆధిక్యంలో ఉంది. ముందు రోజు ఆమె గ్రీన్ మీద బంతిని సరిగ్గా అదే చోట పెట్టలేదని ఒక టీవీ ప్రేక్షకుడు తెలియజేయడంతో ఆట మధ్యలో నాలుగు స్ట్రోకుల పెనాల్టీ వేశారు. తప్పుచోట పెట్టి ఆడినందుకు రెండు, ఆ కారణంగా స్కోరు కార్డు తప్పైనందుకు రెండు. ప్లేఆఫ్‌లో ఆమె యూ సో యాన్ చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత వీడియో సాక్ష్యానికి హద్దులు పెట్టారు. తెలియని పెనాల్టీ కార్డులో లేనందుకు వేసే అదనపు శిక్షను కూడా తీసేశారు.

తన మీద తానే తీర్పు

తన కెరీర్ అంతా అమెచ్యూర్‌గానే ఆడిన బాబీ జోన్స్ 1925లో వోర్సెస్టర్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో పొడవాటి గడ్డిలో ఉన్న బంతిని కొట్టబోతుండగా అది కాస్త కదిలింది. అది మరెవరి కంటా పడలేదు. జోన్స్ తనంతట తానే చెప్పి ఒక స్ట్రోక్ వేసుకున్నాడు. చివరికి విల్లీ మెక్‌ఫర్లేన్‌తో సమానమై, ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడాడు. ఆ ఒక్క స్ట్రోకే లేకుంటే టైటిల్ నాలుగు రౌండ్ల ఆటలోనే అతనిదయ్యేది. జనం మెచ్చుకుంటే, బ్యాంకు దోచనందుకు మనిషిని పొగడాల్సిన పనేముందన్న అర్థంలో జవాబిచ్చాడు.

నేటి నియమావళి ఆ ఆచారాన్ని స్పష్టమైన బాధ్యతగా రాసింది. ఆటగాడు తన తప్పును గుర్తించి, నిజాయితీగా పెనాల్టీ వేసుకోవాలి. తెలిసిన నియమాన్నో పెనాల్టీనో పక్కన పెడదామని ఇద్దరు ఒప్పుకుంటే ఇద్దరూ అనర్హులే. రౌండ్ మొదలయ్యాక ఆ ఒప్పందాన్ని ఇంకా అమల్లో పెట్టకపోయినా అదే శిక్ష.

మ్యాచ్ ప్లే, స్ట్రోక్ ప్లే మధ్య తేడా

మ్యాచ్ ప్లేలో పోటీ ఇద్దరిదే కాబట్టి వాళ్లకు కొంత స్వేచ్ఛ ఉంది. ప్రత్యర్థి తప్పు చూసీ దాన్ని పట్టించుకోకూడదని ఆటగాడు తనంతట తాను అనుకోవచ్చు. ప్రత్యర్థితో మాట్లాడుకుని వదిలేయడానికి మాత్రం వీల్లేదు. నియమం మీద సందేహమొస్తే ఇద్దరూ చర్చించి ఒక నిర్ణయానికి రావచ్చు. నిజాయితీగా వచ్చిన ఆ నిర్ణయం తప్పని తర్వాత తేలినా అదే ఖాయం. ఒప్పందం కుదరకపోతే గడువులోగా పోటీ నిర్వహించే కమిటీ తీర్పు కోరాలి.

స్ట్రోక్ ప్లేలో ఈ వెసులుబాటు లేదు. మైదానంలో ఉన్న ప్రతి పోటీదారుకూ ఆ స్కోరుతో సంబంధం ఉంది కాబట్టి, గుంపులోని నలుగురు ఏకగ్రీవంగా అనుకున్నంత మాత్రాన ఏ నిర్ణయమూ చెల్లదు. తోటి ఆటగాడు నియమం తప్పాడని తెలిసినా, అనుమానం కలిగినా అతనికో, మార్కర్‌కో, కమిటీకో చెప్పాలి. అది కూడా అతను కార్డు అప్పగించేలోపే చెప్పాలి. తీవ్రమైన దుష్ప్రవర్తనగా తేలితే చెప్పకుండా ఊరుకున్నవాణ్ణి కూడా కమిటీ అనర్హుణ్ణి చేయగలదు.

సందేహం వస్తే రెండు బంతులు

రిఫరీ లేని స్ట్రోక్ ప్లేలో నియమావళి ఇచ్చిన గొప్ప సాధనం రెండు బంతుల పద్ధతి. ఒక ఉదాహరణ చూద్దాం. ఆటగాడి బంతి నరికిన కొమ్మల కుప్పలోకి దూరింది. మాలీలు తర్వాత ఎత్తుకెళ్లడానికి పోగేసిన కుప్ప అయితే దాన్ని మరమ్మతులో ఉన్న నేలగా లెక్కిస్తారు, ఉచిత ఉపశమనం దొరుకుతుంది. అక్కడే వదిలేసినదైతే ఆ సౌకర్యం లేదు. ఎత్తుకెళ్తారని ఆటగాడు అంటున్నాడు, కాదని మార్కర్ అంటున్నాడు. అడుగుదామంటే దగ్గర్లో కమిటీ సభ్యులెవరూ లేరు.

అప్పుడు ఇంకో స్ట్రోక్ కొట్టకముందే రెండు బంతులు ఆడతానని ఆటగాడు నిర్ణయించుకోవాలి. నియమం ఒప్పుకుంటే ఏ బంతి లెక్కలోకి రావాలో మార్కర్‌కు చెప్పాలి. చెప్పకపోతే మొదట ఆడిన బంతినే ఎంచుకున్నట్టు భావిస్తారు. ఒక బంతిని కుప్పలోంచే కొట్టి, రెండోదాన్ని ఉపశమన స్థలంలో డ్రాప్ చేసి, రెండింటినీ హోల్‌లో వేయాలి. కార్డు ఇచ్చే ముందు జరిగినదంతా కమిటీకి విన్నవించాలి. రెండు బంతులకూ ఒకే స్కోరు వచ్చినా చెప్పి తీరాలి, లేకుంటే అనర్హతే. లెక్కలోకి రాని బంతితో కొట్టిన స్ట్రోకులు పోతాయి. ఈ ఒక్క పద్ధతి తెలిస్తే కోర్సు మీద వాదనలు చాలా తగ్గిపోతాయి. ఇది స్ట్రోక్ ప్లేకి మాత్రమే వర్తిస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

అమెచ్యూర్లు ఎక్కువగా తడబడేది పోయిన బంతి దగ్గర. బంతి పోయిందనుకున్న చోటే ఇంకొకటి వేసుకుని ఒక స్ట్రోక్ కలిపేసుకోవడం విస్తృతంగా కనిపించే అలవాటు. నియమం ప్రకారం ఒక స్ట్రోక్ పెనాల్టీతో పాటు ముందు కొట్టిన చోటికి వెనక్కి వెళ్లాలి. తెల్ల గుంజలు దాటి ఔటాఫ్ బౌండ్స్‌కి పోయినా అంతే. అనుమానం ఉంటే బంతి కోసం బయలుదేరకముందే "ప్రొవిజనల్ ఆడుతున్నా" అని స్పష్టంగా చెప్పి ఇంకో బంతి కొట్టుకోవాలి. చెప్పకుండా కొడితే ఆ రెండో బంతే ఆటలోకి వచ్చేస్తుంది, మొదటిది దొరికినా పనికిరాదు. క్లబ్ ఆట నెమ్మదించకుండా ఉండేందుకు 2019లో ఒక నమూనా స్థానిక నియమం వచ్చింది. కమిటీ దాన్ని అమల్లో పెడితే వెనక్కి వెళ్లకుండా రెండు స్ట్రోకుల పెనాల్టీతో ముందుకు సాగవచ్చు.

రెండోది గిమ్మీ. హోల్‌కు జానెడు దూరంలో ఉన్న బంతిని "తీసేయండి సార్" అనడం మ్యాచ్ ప్లేలో న్యాయమే. మామూలు స్ట్రోక్ ప్లేలో మాత్రం ప్రతి బంతీ హోల్‌లో పడాలి. తదుపరి టీ మీద కొట్టకముందు దిద్దుకోకపోతే అనర్హత తప్పదు.

మూడోది పరాయి బంతి కొట్టడం. స్ట్రోక్ ప్లేలో దానికి రెండు స్ట్రోకుల పెనాల్టీ, ఆపై తన బంతితో సరిచేసుకోవాలి. బంతి మీద పెన్నుతో సొంత గుర్తు వేసుకుంటే ఈ సమస్య పుట్టదు. "ఏ క్లబ్‌తో కొట్టారు?" అని పోటీదారుణ్ణి అడగడం సలహా కిందికొస్తుంది, దానికీ జనరల్ పెనాల్టీ ఉంది. స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో ఆ హోల్ ఓడినట్టు లెక్క. దూరం ఎంతని అడగడంలో, నియమం ఏమిటని అడగడంలో తప్పు లేదు. బంతి వెనక గడ్డిని క్లబ్‌తో అణచడం, ఊపుకు అడ్డొచ్చే కొమ్మ విరవడం, బంకర్‌లో ప్రాక్టీసు ఊపుతో ఇసుకను తాకడం కూడా తెలియక చేసే తప్పులే.

ఆటగాడి పక్షాన నిలిచే నియమాలు

నియమాలంటే శిక్షలేనన్న భావన సరికాదు. నియమావళిలో పెద్ద భాగం ఆటగాణ్ణి చిక్కుల్లోంచి బయటపడేయడానికే ఉంది. సిమెంటు దారి, వాననీటి మడుగు, జంతువు తవ్విన బొరియ అడ్డొస్తే ఉచిత ఉపశమనం ఉంది. అడ్డు పూర్తిగా తొలగిపోయే అతి దగ్గరి చోటు గుర్తించి, అక్కడి నుంచి ఒక క్లబ్ పొడవులోపు, హోల్‌కు దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి డ్రాప్ చేయాలి. ఆ దగ్గరి చోటు పొదలో ఉండవచ్చు. దారికి అటువైపు చక్కని గడ్డి ఉందని అటు వెళ్లే వీల్లేదు.

బంతి పక్కన విషసర్పమో తేనెటీగల పట్టో ఉంటే ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. ప్రమాదకర జంతువు నియమం కింద పెనాల్టీ లేకుండా సురక్షితమైన చోట డ్రాప్ చేయవచ్చు. ముళ్లపొదకు మాత్రం ఆ సౌకర్యం వర్తించదు. ఆగి ఉన్న బంతిని కాకి ఎత్తుకెళ్లడం కళ్లారా చూస్తే, మొదటి చోట ఇంకో బంతి పెట్టి పెనాల్టీ లేకుండా ఆడవచ్చు. కాకే ఎత్తుకెళ్లిందని దాదాపు నిశ్చయంగా తెలియాలి, ఊరికే ఊహిస్తే అది పోయిన బంతే. ఆడలేని బంతికి ఒక స్ట్రోక్ పెనాల్టీతో మూడు దారులున్నాయి. వెనుకటి చోటికి వెళ్లడం, హోల్‌ను బంతిని కలిపే గీత మీద వెనక్కి జరగడం, పక్కకు రెండు క్లబ్ పొడవుల్లో డ్రాప్ చేయడం. ఈ మూడూ తెలిసినవాడు పొదలో మూడు నాలుగు స్ట్రోకులు పోగొట్టుకోడు.

స్కోరు కార్డు

స్ట్రోక్ ప్లేలో అమలుకు చివరి మెట్టు స్కోరు కార్డు. మార్కర్ ప్రతి హోల్‌కూ స్కోరు రాస్తాడు. రౌండ్ అయ్యాక ఇద్దరూ సరిచూసి సంతకాలు చేస్తారు. అప్పగించాక దిద్దడం కుదరదు. ఏదైనా హోల్‌లో అసలుకన్నా తక్కువ రాసి ఇస్తే అనర్హత, ఎక్కువ రాస్తే అదే ఖాయం. తనకు తెలియని పెనాల్టీని కలపకపోతే మాత్రం అనర్హత లేదు, ఆ పెనాల్టీ కలిపితే చాలు. మొత్తం కూడటం కమిటీ పని, ఒక్కో హోల్ స్కోరు సరిగ్గా ఉండటం ఆటగాడి బాధ్యత.

ఈ నియమం ఎంత కఠినమో 1968 మాస్టర్స్ చెబుతుంది. అర్జెంటీనాకు చెందిన రొబెర్తో దె విచెంసో చివరి రోజు 17వ హోల్‌ను మూడు స్ట్రోకుల్లో ముగించాడు. మార్కర్ టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు. విచెంసో గమనించకుండా సంతకం చేశాడు. ఆ నాలుగే నిలిచింది. ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక స్ట్రోక్ వెనకబడ్డాడు, టైటిల్ బాబ్ గోల్బీకి వెళ్లింది. కార్డు అప్పగించే ముందు ఒక్కో హోల్ అంకెను మార్కర్‌తో కలిసి బయటికి చదువుకునే ఆటగాడికి ఈ ప్రమాదం రాదు.

హ్యాండీక్యాప్, కమిటీ

వేర్వేరు స్థాయిల ఆటగాళ్లు సమానంగా పోటీపడేందుకు ఇచ్చే స్ట్రోకుల వెసులుబాటే హ్యాండీక్యాప్. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ విధానంలో ఆటగాడి చివరి 20 స్కోరు లెక్కల్లో ఉత్తమమైన ఎనిమిదింటి సగటు మీద సూచీ కడతారు. గరిష్ఠం 54.0. స్కోర్లు నియమాల ప్రకారం ఆడినవైతేనే ఈ అంకెకు అర్థం ఉంటుంది. ఉదారంగా గిమ్మీలు తీసుకున్నవాడి సూచీ ఉండాల్సినదానికన్నా కిందికి దిగి, అసలు పోటీలో అతనికే నష్టం చేస్తుంది. కావాలని చెడ్డ స్కోర్లు చూపించేవాడు ఇతరుల బహుమతిని కాజేస్తాడు. అందుకే ఈ విధానంలో తోటి సభ్యుల పరిశీలనకు చోటిచ్చారు. సూచీని సవరించే అధికారం హ్యాండీక్యాప్ కమిటీకి ఉంది.

పోటీ కమిటీ హద్దులను, చెరువులు, వాగుల వంటి పెనాల్టీ ప్రాంతాలను గుర్తులతో చూపాలి, స్థానిక నియమాలను ముందే ప్రకటించాలి, తీర్పులు చెప్పాలి. ప్రధాన నియమాన్ని రద్దు చేసే అధికారం దానికి లేదు. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 17వ గ్రీన్ వెనకున్న దారి కోర్సులో విడదీయరాని భాగం, దాని మీద పడ్డ బంతిని అక్కడి నుంచే ఆడాలి. ఇంకో క్లబ్‌లో అలాంటి దారికే ఉచిత ఉపశమనం ఉండవచ్చు. కాబట్టి కొత్త కోర్సుకు వెళ్లినవారు కార్డు వెనకున్న స్థానిక నియమాలు చదివాకే మొదటి టీ ఎక్కాలి.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

బ్రిటిష్ దీవుల వెలుపల అత్యంత పాతదైన గోల్ఫ్ క్లబ్ 1829లో మొదలైన రాయల్ కలకత్తా. భారత గోల్ఫ్ యూనియన్ 1955లో ఏర్పడింది. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా కోర్సు, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ తెలుగు ఆటగాళ్లకు సుపరిచితం.

దక్కన్ రాతినేల మీద ఆడేవారికి తప్పక తెలియాల్సిన భేదం ఒకటుంది. నేలకు అంటుకోకుండా విడిగా ఉన్న రాయి ఎంత పెద్దదైనా కదిలే సహజ వస్తువే, నలుగురి సాయంతోనైనా జరపవచ్చు. 1999 ఫీనిక్స్ ఓపెన్‌లో టైగర్ వుడ్స్ ముందున్న బండను ప్రేక్షకులు దొర్లించారు, రిఫరీ ఒప్పుకున్నాడు. నేలలో దిగబడిన బండకు ఇది వర్తించదు. అక్కడ బంతిని ఉన్నట్టే ఆడాలి, లేదా ఆడలేని బంతిగా ప్రకటించాలి.

మన క్లబ్బుల్లో నియమాల అమలుకు పెద్ద అడ్డంకి మొహమాటం. పక్కన ఆడేది పై అధికారో, వయసులో పెద్దవారో, ఆతిథ్యం ఇచ్చినవారో అయితే తప్పు కళ్లబడినా నోరు పెగలదు. దీనికి మంచి మార్గం తప్పు జరగకముందే మాట కలపడం. "ఒక్క నిమిషం అండీ, బంతి ఉన్నచోట గుర్తు పెట్టి ఎత్తండి" అంటే అది సాయమవుతుంది. బంతి ఎత్తాక చెబితే అదే మాట నేరారోపణలా వినిపిస్తుంది. నియమం చెప్పడం సలహా కిందికి రాదు కాబట్టి ఎవరు ఎవరికైనా చెప్పవచ్చు. క్యాడీ కూడా చెప్పవచ్చు. అయితే క్యాడీ చేసిన తప్పుకు పెనాల్టీ ఆటగాడిదే. బంతిని కాలితో మంచిచోటికి జరిపే క్యాడీని వారించకపోతే ఆ భారం యజమాని మీదే పడుతుంది.

సరదా ఆటలో మొదటి షాట్ మళ్లీ కొట్టుకోవడం లాంటి సర్దుబాట్లు అందరికీ ఇష్టమైతే ఎవరికీ నష్టం లేదు. ఆ స్కోరును పోటీకీ హ్యాండీక్యాప్‌కీ వాడకపోతే చాలు.

నేర్చుకునే మార్గాలు

నియమావళి ఉచిత యాప్‌గా ఫోన్లలో దొరుకుతుంది. ఆర్ అండ్ ఏ శిక్షణలో మూడు స్థాయిలున్నాయి. మొదటిది ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో, రెండోది సెమినార్ల ద్వారా, మూడోది టోర్నమెంటు నిర్వాహకులు, రిఫరీల కోసం. మొత్తం కంఠస్థం చేయాల్సిన పనిలేదు. పోయిన బంతి, పెనాల్టీ ప్రాంతం, ఉచిత ఉపశమనం, ఆడలేని బంతి, గ్రీన్ మీద బంతి ఎత్తడం, రెండు బంతుల పద్ధతి తెలిసినవారు సాధారణ రౌండ్‌లో ఎదురయ్యే పరిస్థితుల్లో ఎక్కువ భాగాన్ని సొంతంగా తేల్చుకోగలరు. మిగతావి ఫోన్‌లో చూసుకోవచ్చు, లేదా రెండు బంతులు ఆడి కమిటీకి వదిలేయవచ్చు. కొత్త సభ్యులకు క్లబ్బులు ఊపు నేర్పించినంత శ్రద్ధగా ఈ ఆరు అంశాలనూ నేర్పితే, రిఫరీ లేకుండా నడిచే ఈ ఆటలో గెలిచినవారి గెలుపును ఓడినవారు కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకోగలుగుతారు.